సున్నపు వాసన, పదకొండో సూత్రం

రొట్టెల పండుగ దగ్గర పడుతున్నదంటే మా నెల్లూరులో బారాషహీద్ దర్గా వైపు పోయే వీధుల్లో కాలువల పక్కన సున్నం చల్లుతారు. ఈ ఏడు మొహర్రానికి ముందు ఒక ఉదయం పాల ప్యాకెట్టు కోసం బయలుదేరిన నాకు, మా వీధి మలుపులో ఇద్దరు మనుషులు తట్టలో నుంచి సున్నం పిడికిళ్లతో తీసి కాలువ పొడవునా జల్లుకుంటూ పోవడం కనిపించింది. రాత్రి కురిసిన జల్లుకు తడిసిన నేల ఇంకా ఆరలేదు. ఆ చెమ్మ తగలగానే సున్నం నుంచి, ముక్కులోకి వెచ్చగా దిగి గొంతులో గరగరమనిపించే వాసన లేచింది. నేను ఆలోచించకుండానే ఆ తెల్లని గీత ముందు ఒక్క క్షణం ఆగి, దాన్ని తొక్కకుండా పెద్ద అంగ వేసి అవతలికి దాటాను.

“తొక్కినా ఏం గాదులే సామీ, సున్నమే గదా,” అన్నాడు వాళ్లలో ఒకాయన నవ్వుతూ.

గీత చెరిగితే మళ్లీ ఎవరు గీస్తారని కసిరే మనిషి ఒకరు ఉండేవారని, ఆయన పోయి ఇంకా నలభై రోజులు కూడా కాలేదని అతనికి చెప్పి ప్రయోజనం లేదు కనుక, నేనూ నవ్వి ముందుకు పోయాను. ఆ వాసన మాత్రం మధ్యాహ్నం దాకా చొక్కాకు అంటుకున్నట్లే ఉండిపోయింది.

*

నాకు ఫుట్‌బాల్ తెలిసింది నెల్లూరులో కాదు, బిట్రగుంటలో. మా నాన్న అక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేసేవారు. నెల్లూరుకూ కావలికీ మధ్యనున్న ఆ చిన్న ఊరికి ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వే కాలనీ వల్ల ఎంత కళ ఉండేదో ఇప్పుడు చెప్పినా నమ్మేవారు తక్కువ. షిఫ్టు దిగిన మనుషులు ఒంటి మీది బొగ్గుమసి పూర్తిగా కడుక్కోకుండానే సాయంత్రం మైదానానికి వచ్చేవారు. బంతి తోలుది. లోపల బ్లాడరు, పైన లేసు, తోలు ఎండిపోకుండా పైన ఆముదం. వానకు తడిసిన ఆ బంతిని తలతో కొట్టినవాడికి రెండు రోజులు తలనొప్పి తప్పేది కాదు. గీత బయటికి పోయిన బంతిని పరుగెత్తి తెచ్చి ఇవ్వడం మా పిల్లల ఉద్యోగం. షెడ్డులో ఇంజను ఎంత గట్టిగా కూత వేసినా ఆగని ఆట, నల్ల నిక్కరు వేసుకున్న ఒక బక్కపలుచని మనిషి ఈల వేయగానే చప్పున ఆగిపోవడం చూసి, అంత పెద్ద ఇంజనుకు లేని అధికారం ఆ వేలెడంత ఈలకు ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను చాలా రోజులు అబ్బురపడ్డాను.

డిగ్రీ చదువుకు నెల్లూరు వచ్చాక లెఫ్ట్ హాఫ్‌గా రెండేళ్లు ఆడాను. మూడో ఏడు ఒక ఆటలో మోకాలు మెలితిరిగింది. నాన్న నన్ను రైల్లో ఎక్కించుకొని పోయి పుత్తూరు కట్టు కట్టించారు. మూడు నెలలు మంచం మీద ఉన్న తరువాత నడక వచ్చింది, నిదానంగా పరుగూ వచ్చింది గానీ, పరుగెత్తుతూ పక్కకు తిరగడం మాత్రం రాలేదు. ఫుట్‌బాల్‌లో పక్కకు తిరగలేనివాడు గట్టున కూర్చోవలసిందే. అలా గట్టున కూర్చుని ఇతరుల ఆట చూస్తూ గడ్డి పీకుతున్న రోజుల్లోనే డ్రిల్లు మాస్టారు సైకిలు దిగి నా పక్కన చతికిలబడి, నశ్యం పట్టు ఒకటి పీల్చి, తువ్వాలుతో ముక్కు తుడుచుకొని, “ఏందబ్బయ్యా, ఆడలేకపోతే ఆడించు,” అన్నారు.

అంతే. నా రెఫరీ ఉద్యోగానికి నియామకపు ఉత్తరువు ఆ మూడు మాటలే. అది ఉద్యోగం కాదనీ, బస్సు ఛార్జీకి పైన మిగిలేది టీ డబ్బులేననీ తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

*

మాస్టారికి దేవుడి తరువాత దేవుడు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదులో బడిపంతులుగా ఉంటూ శిక్షకుడై, భారత జట్టుకు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిపించి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకుపోయిన ఆ మనిషిని తలుచుకున్నప్పుడల్లా ఆయన గొంతులో, “చూశావా, ఆయనా పంతులే, నేనూ పంతులునే” అన్న చిన్న గర్వం వినిపించేది. రహీం సాహెబు కుర్రాళ్లకు బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవారట. అది విన్న మాస్టారు మా నెల్లూరులోనూ ఒక ఆదివారం ఎడమకాలి పోటీ పెట్టి, ఈల నా చేతికి ఇచ్చారు. బంతికి కుడికాలు తగిలితే ఫౌలు. సూత్రం అదొక్కటే.

అంత సులువైన సూత్రం ఇంకొకటి ఉండదనుకున్నాను. ఆట మొదలైన పది నిమిషాల్లోనే నాకు ఊపిరి అందలేదు, పరుగెత్తినందుకు కాదు, ఈల వేసినందుకు. బంతిని చూస్తే కాలు కనిపించదు, కాలిని చూస్తే బంతి ఎటు పోయిందో తెలియదు. “సార్, వీడికి రెండు కాళ్లూ కుడివే సార్,” అని పిల్లలు ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు. ఇంతలో ఒక పుర్రచేతి వాటం కుర్రవాడు ఎడమకాలితో వరసగా రెండు గోళ్లు కొట్టాడు. ఎదుటి జట్టు నా చుట్టూ మూగి, వాడికి పుట్టుకతోనే ఎడమకాలు బలం కనుక వాడు కుడికాలితో ఆడాలని వాదన మొదలుపెట్టింది. వాళ్ల మాట న్యాయమే. కానీ మాకున్న ఒక్క సూత్రంలో ఆ సంగతి లేదు. గట్టు మీద కూర్చున్న మాస్టారి వైపు చూశాను. ఆయన నశ్యం డబ్బీ మూత తీసే పనిలో ఉన్నట్లు నటించారు.

చివరకు ఆ కుర్రవాడు కుడికాలితో ఆడాలని తీర్పు చెప్పాను. ఆ తీర్పు వల్ల మిగిలిన ఇరవై ఒక్క మందికి కుడికాలు, వాడొక్కడికి ఎడమకాలు ఫౌలు అన్న లెక్క ఆట చివరి దాకా నా నెత్తిన పడింది. ఇంటికి పోయి కళ్లు మూసుకున్నా కాళ్లే కనిపించాయి. మరునాడు మాస్టారు అన్నారు: “మంచి పని చేశావు. ఇక నుంచి ఆట చూడడం మానేసి కాళ్లు చూడు. ఆట ఎట్లాగూ జనం చూస్తారు.” ఆ మాట వల్ల నాకు ఒక నష్టం కూడా కలిగింది. ఆ తరువాత ఇప్పటిదాకా ఏ ఆటనూ అందరిలాగా చూసి ఆనందించలేకపోయాను.

*

ఈల వేయడం ఆయన నాకు పెన్న ఇసుకలో నేర్పారు. రంగనాయకుల గుడి వెనక, ఏటిలో నీరు లేని రోజుల్లో, గేదెలు ఇళ్లకు మళ్లే వేళకు ఇద్దరం పోయేవాళ్లం. ఈల లోహంతో చేసినది, లోపల బెండు గోళీ ఉండేది. చెమటకో వానకో తడిసి ఆ గోళీ ఉబ్బిందంటే, ఊదినప్పుడు గాలి తప్ప మోత రాదు. అటువంటి ప్రమాదానికి జేబులో రెండోది ఉంచుకోవాలి. ఊపిరితో ఊదితే ఈల మూలుగుతుందనీ, నాలుకతో గాలిని ఆపి చటుక్కున వదిలితేనే తెగినట్లు పలుకుతుందనీ చెప్పి, ఆయన ఇసుకలో నూరు అడుగుల దూరం పోయి నిలబడి, నేను ఊదిన ప్రతి ఈలకూ అది ఏ తప్పుకు సరిపోతుందో అక్కడ నుంచి కేక వేసి చెప్పేవారు. బంతి చేతికి తగిలినందుకు ఒకటి, కావాలని కాలు అడ్డం పెట్టినందుకు ఒకటి, ఆట ముగిసినందుకు ఒకటి. “పెద్ద తప్పుకు చిన్న ఈల వేస్తే వాడు మళ్లీ అదే పని చేస్తాడు. చిన్న తప్పుకు పెద్ద ఈల వేస్తే వాళ్ల నాయన మైదానంలోకి వస్తాడు,” అనేవారు. తరువాతి కాలంలో ఈ రెండూ నాకు అనుభవంలోకి వచ్చాయి.

నెల్లూరులోని వి.ఆర్. కాలేజీ మైదానంలో ఆడించేటప్పుడు ఇంకొక చిక్కు ఉండేది. పక్కనే ట్రంకు రోడ్డు, సెంటర్లో ట్రాఫిక్ కానిస్టేబులు, ఆయన నోట్లోనూ అటువంటి ఈలే. ఆయన లారీని ఆపడానికి ఊదితే ఇక్కడ గోలు ముందు బంతితో ఉన్న పిల్లవాడు చేతులు దించుకొని నిలబడిపోయేవాడు. ఎదుటివాడు మాత్రం బంతి లాక్కొని పరుగెత్తేవాడు. ఆపైన అందరూ నన్ను చూసేవారు. బయటి ఈల వల్ల ఆటకు భంగం కలిగితే ఆపి డ్రాప్ బాల్ ఇవ్వాలి, అంటే రెఫరీ బంతిని చేత్తో నేల మీదికి వదిలి ఆట మళ్లీ మొదలుపెట్టాలి. అలా ఒక సాయంత్రం తొమ్మిదిసార్లు ఇచ్చాను. చివరకు నేను ఈలను రెండు ముక్కలుగా, వెంటవెంటనే ఊదడం అలవాటు చేసుకున్నాను. వారంలో పిల్లలు ఆ తేడా పట్టేశారు. రిక్షావాళ్లు పట్టలేదు. నా ఫ్రీకిక్కు ఈలకు రోడ్డు మీద ఒక రిక్షా ఆగి, వెనకవాడు వచ్చి దాన్ని గుద్ది, ఇద్దరూ నా వైపు కాక కానిస్టేబులు వైపు తిరిగి తిట్టిన రోజు నాకు బాగా గుర్తుంది.

పసుపు, ఎర్ర కార్డులు 1970 మెక్సికో ప్రపంచ కప్పులో మొదలయ్యాయి. వాటి ఆలోచన కెన్ ఆస్టన్ అనే ఇంగ్లీషు రెఫరీకి లండన్‌లో కారు నడుపుతూ ట్రాఫిక్ దీపాలను చూసినప్పుడు వచ్చింది. “మనం ట్రాఫిక్ ఈలతో చస్తుంటే ఆయన ట్రాఫిక్ దీపాలతో పేరు తెచ్చుకున్నాడు చూడు,” అని మాస్టారు నవ్వేవారు. మా కార్డులు కొన్నవి కావు. ఎర్రది ఒక శుభలేఖ అట్ట నుంచి, పసుపుది కొత్త చొక్కా లోపల వచ్చిన అట్టకు రంగు వేసి, ఆయనే కత్తిరించి ఇచ్చారు. ఎర్ర కార్డు వెనక వధూవరుల పేర్లలో సగం కనిపించేది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు దాన్ని చూపించింది నా మొత్తం జీవితంలో రెండేసార్లు. ఆ రెండింటిలో ఒకటి చూపించకుండా ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాను.

*

గీతల గురించి చెప్పకపోతే ఆయన గురించి చెప్పినట్లు కాదు.

ఆట సాయంత్రం ఉంటే మేము తెల్లవారకముందే మైదానంలో ఉండాలి. పురికొస ఉండలు, ఇనుప మేకులు, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన డాల్డా డబ్బా, గోనెసంచిలో సున్నపు పొడి. నేను తాడు పట్టుకొని బిగించి నిలబడితే, ఆయన నడుము వంచి డబ్బాను అరచేత్తో తడుతూ వెనక్కి నడిచేవారు. టప్ టప్ మన్న ఆ చప్పుడు వెంట, మసక వెలుతురులో నేల మీద తెల్లగా ఒక గీత పుట్టుకొచ్చేది. మధ్య వృత్తానికి పది గజాల తాడు, పెనాల్టీ చుక్కకు గోలు నుంచి పన్నెండు గజాలు. గోలు ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. మీటర్లలో అది 7.32, 2.44 అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, “ఒకటి గజాలు, ఒకటి అడుగులు, అంకె మాత్రం ఎనిమిదే” అని ఆయన చెప్పిన పద్ధతిలోనే నాకు ఇప్పటికీ జ్ఞాపకం. మంచుకు తడిసిన గడ్డి మీద పడిన సున్నం వాసన పొద్దెక్కే దాకా అక్కడే ఉండేది. వేళ్ల సందులు మండితే కొబ్బరినూనె రాసుకొనేవాళ్లం.

గీసిన తరువాత ఆ గీతను ఎవరైనా తొక్కితే ఆయనకు పట్టరాని కోపం. అది చాదస్తమని మొదట అనుకున్నాను. ఫుట్‌బాల్‌లో గీత తాను చుట్టిన చోటులో భాగమేననీ, బంతి గీత మీద వెంట్రుకంత ఉన్నా లోపల ఉన్నట్లేననీ, గీత నాలుగు వేళ్లు పక్కకు చెదిరితే తీర్పు కూడా అంతే చెదురుతుందనీ తెలిశాక నేనూ తొక్కడం మానేశాను.

గోలు స్తంభాలు సరుగుడు కర్రలు. మా సముద్రపు ఒడ్డున దొరికేవి అవే. పైన అడ్డంగా కట్టిన కర్ర ఎండకు మధ్యలో వంగేది. వల ఉండేది కాదు కనుక, బంతి స్తంభానికి లోపల నుంచి పోయిందా బయట నుంచి పోయిందా అన్నది ప్రతి ఆటలోనూ ఒక యుద్ధం. ఆ పోరు పడలేక ఒకసారి మైపాడు పోయి జాలర్ల దగ్గర చిరిగిన పాత వల అడిగి తెచ్చి కట్టాము. యుద్ధాలు ఆగాయి, కాకులు వచ్చి వాలడం మొదలైంది. “సార్, ఈడ నిలబడితే చేపల పులుసు గుర్తొచ్చి ఆకలేస్తా ఉంది సార్,” అని ఒక గోల్ కీపరు సగం ఆటలో నాతో మొరపెట్టుకున్నాడు.

*

రెఫరీ పరీక్షకు రాత, మౌఖికం, పరుగు మూడూ ఉండేవి. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలమో చూసే కూపర్ పరీక్షలో నా మోకాలు ఎలాగో గట్టెక్కించింది. మౌఖికంలో ఆట మధ్యలో బంతి పగిలితే ఏం చేస్తావని అడిగారు. ఆట ఆపి, బంతి మార్చి, పగిలిన చోటనే డ్రాప్ బాల్ ఇస్తానన్నాను. సరైన సమాధానమే. ఏడాది తిరగకముందే కనిగిరి వైపు ఒక బడిలో బంతి పోయి చిల్లకంపలో పడి, ముల్లు దిగి, బుస్సుమని చప్పబడిపోయింది. మార్చడానికి ఆ బడిలో రెండో బంతి లేదు. సైకిలు షాపు ఉన్న ఊరు అక్కడికి నాలుగు మైళ్లు. ఒక మాస్టారు బ్లాడరు జేబులో పెట్టుకొని సైకిలు మీద పోయి పంక్చరు వేయించుకొని వచ్చేదాకా గంటన్నర సేపు ఇరవై ఇద్దరు పిల్లలూ నేనూ వేపచెట్టు కింద కూర్చున్నాము. మౌఖికం పెట్టినవారు ఈ సంగతి అడగలేదు.

ప్రకాశం జిల్లా ఆటలంటే నాకు ఇటువంటివే ముందు గుర్తుకు వస్తాయి. మార్కాపురం పలక మీద సుద్దతో స్కోరు రాసి, గోలు పడినప్పుడల్లా ఎంగిలితో తుడిచి మళ్లీ రాస్తూ గట్టు చుట్టూ తిరిగే పిల్లవాడు. ఒంగోలు పక్క వాన పడితే నల్లరేగడి బూట్లకు అంటుకొని ఒక్కొక్క కాలు రెండు శేర్ల బరువెక్కడం. ఇటు గూడూరులో సగం ఆట విరామానికి నారింజ తొనలకు బదులు ఉప్పు అద్దిన నిమ్మచెక్కలు ఇచ్చేవారు. నిమ్మకాయల మార్కెట్టు ఉన్న ఊరు మరి.

ఆ రోజుల్లో రెఫరీకి నలుపు తప్ప ఇంకొక రంగు లేదు. కార్తీక మాసంలో నల్లచొక్కా వేసుకొని తెల్లవారుజామున బస్సెక్కితే, కండక్టరు “సామీ, ఇట్ల రాండి,” అని ముందు సీటు ఇప్పించేవాడు. మొదట్లో నేను అయ్యప్ప మాల వేయలేదని చెప్పేవాణ్ణి. తరువాత తరువాత చెప్పడం మానేశాను. అదే చొక్కాతో సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు మాత్రం, నా తీర్పు నచ్చని ఊరివాళ్లు అదే బస్సులో ఉంటే, వెనక సీట్లోనే కూర్చొనేవాణ్ణి. ఒక ఊళ్లో అయితే బస్సు దాకా కూడా పోనివ్వలేదు. పెనాల్టీ ఇచ్చినందుకు జనం చుట్టుముడితే హెడ్‌మాస్టరుగారు నన్ను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. విరిగిన బల్లల మధ్య, గబ్బిలాల వాసనలో రెండు గంటలు కూర్చుని, నేను ఇచ్చిన పెనాల్టీ సరైనదేనని పదకొండుసార్లు నిర్ధారణ చేసుకున్నాను.

*

కావలి దాటి లోపలికి పోయే ఒక పల్లెలో జరిగిన ఆట మాత్రం వీటిలో కలవదు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలు, బడుల మధ్య పోటీ, ఆఖరి ఆట. రెండు జట్లవీ ఉత్త కాళ్లే. సూత్రాల ప్రకారం బూట్లు ఉండాలి గానీ, 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతోనే ఫ్రాన్సుతో ఆడి 2-1తో ఓడినప్పుడు లేని అభ్యంతరం కావలి తాలూకాలో ఎందుకని మాస్టారు ఆ విషయంలో కళ్లు మూసుకొనేవారు. లైన్స్‌మన్లుగా రెండు బడుల నుంచి ఒక్కొక్క అయ్యవారు తువ్వాళ్లు పట్టుకొని నిలబడ్డారు. ఎవరి జట్టు మీద వారికి అభిమానం ఉంటుంది కనుక బంతి గీత దాటిందా లేదా అన్నంత వరకే వారి పని. ఆఫ్‌సైడు, అంటే బంతి అందించే క్షణంలో ఆటగాడు ఎదుటి గోలుకు మరీ ముందుగా పోయి ఉన్నాడా అన్నది, నేనే చూసుకోవాలి.

ఆ ఊరి జట్టులో, బనియను వెనక నీలిమందుతో 7 అని రాసుకున్న ఒక చిన్న పిల్లవాడు ఉన్నాడు. ఆట 1-1 మీద ఉండగా, మధ్యలో నుంచి వాడి కోసం పొడవుగా ఒక బంతి వచ్చింది. బంతి తన్నిన ఆ క్షణంలో వాడూ, ఎదుటి జట్టు వెనక వరస ఆటగాడూ భుజానికి భుజం, ఒకే అడుగులో ఉన్నారు. వాళ్ల ముందు గోల్ కీపరు ఒక్కడే. ఎప్పుడూ పది గజాలు వెనకబడే నేను ఆనాడు మాత్రం సరిగ్గా ఆ ఇద్దరి వరసలోనే ఉన్నాను. వాడు ముందుకు ఉరికి, కీపరు కాళ్ల పక్క నుంచి బంతిని లోపలికి తోశాడు. గట్టు మీద ఊరంతా లేచింది. నేను అప్పటికే ఈల వేశాను.

నాటి పదకొండో సూత్రం ప్రకారం దాడి చేసేవాడికీ గోలు గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు ఇద్దరైనా ఉండాలి. పక్కన ఉన్నవాడు మధ్యలో ఉన్నట్లు కాదు. సమానంగా ఉన్నా ఆఫ్‌సైడే.

పిల్లవాడు నా దగ్గరకు వచ్చి, తరగతిలో నిలబడినట్లు చేతులు వెనక్కి కట్టుకొని, “ముందు లేను సార్, పక్కనే ఉన్నా,” అన్నాడు.

“పక్కన ఉన్నా ఆఫ్‌సైడే నాయనా,” అన్నాను.

వాడు ఇంకేమీ అడగలేదు. ఒకసారి ఆ రెండో పిల్లవాడి వైపు చూసి, తన చోటికి వెళ్లిపోయాడు. గట్టున ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముకుంటున్న ముసలమ్మ మాత్రం ఊరుకోక, “సమానంగా పోయినోడిది తప్పెట్టా అయితాది నాయనా?” అని నన్ను నిలదీసింది. ఆమెకు నా దగ్గర సమాధానం ఉంది, చెప్పలేదు. చివరలో మైదానం మూల నుంచి తన్నే కార్నర్ వల్ల ఇంకొక గోలు పడి ఆ ఊరి జట్టు ఓడిపోయింది. ఎవరూ నా మీదికి రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో.

తిరుగు బస్సులో మాస్టారు నశ్యం పీల్చి, “సరిగ్గానే ఊదినావు,” అన్నారు. నేను కిటికీలో నుంచి చూస్తున్నాను. కొంచెం సేపాగి, “సరిగ్గానే ఊదినావు గానీ...” అని మొదలుపెట్టి, ఆ వాక్యం పూర్తి చేయకుండా నిద్రపోయారు.

*

ఇటలీలో ప్రపంచ కప్పు జరిగిన 1990లోనే ఆ సూత్రం మారింది. సమానంగా ఉన్నవాడు ఇక ఆఫ్‌సైడు కాడు. ఆ వార్త ఉన్న కాగితం పట్టుకొని మాస్టారు మిట్టమధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చారు. పదిహేడు సూత్రాలనూ తెలుగులో సొంత దస్తూరీతో రాసుకున్న పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాన్ని అరుగు మీద తెరిచి, పదకొండో సూత్రంలో ఒక పంక్తిని ఎర్ర సిరాతో కొట్టేసి, పైన కొత్తది రాశారు. మా ఆవిడ ఇచ్చిన మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాక అడిగారు:

“వాడికి ఇప్పుడెన్నేళ్లు ఉంటాయంటావు?”

ఎవరికని నేను అడగలేదు. “పద్దెనిమిది ఉంటాయేమో సార్.”

“అయితే పద్నాలుగేళ్ల లోపు పోటీకి ఇక పనికిరాడు,” అని లేచి సైకిలెక్కారు.

ఆ పుస్తకం ఆ తరువాత చాలాసార్లు ఎర్రబడింది. సొంత ఆటగాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని కీపరు చేత్తో పట్టకూడదన్నది 1992లో వచ్చింది. 1996లో లైన్స్‌మన్ పేరు అసిస్టెంట్ రెఫరీ అయింది. కీపరు బంతి పట్టుకొని నాలుగు అడుగులకు మించి వేయకూడదన్న సూత్రం ఉన్నన్నాళ్లు, ఊరి జనం అంతా కలిసి “ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ” అని అరిచి లెక్కపెట్టేవారు. 2000లో దాన్ని ఆరు సెకన్లకు మార్చాక ఆ కోలాహలం పోయింది. 2025లో ఎనిమిది సెకన్లు చేసి, దాటితే కార్నర్ అన్నారు. అది మంచంలో ఉన్న మాస్టారికి నేనే చదివి వినిపించాను. ఆయన చెయ్యి అప్పటికి వణుకుతున్నది కనుక ఎర్ర సిరాతో దిద్దిందీ నేనే. ఏ మార్పు వచ్చినా ఆయన విసుక్కోవడం నేను చూడలేదు. నాకు మాత్రం, తెర మీద గీతలు గీసి, ఆటగాడి భుజం ముందుందా బొటనవేలు ముందుందా అని నిమిషాల తరబడి కొలిచే ఈ కొత్త పద్ధతి చూస్తే అసహనం. అంతసేపు కొలిచి, చివరకు సమానమని తేలితే గోలు ఇస్తారు. అప్పుడు లేచి టీవీ కట్టేస్తాను.

*

మాస్టారి పెద్దకర్మ అయిన తరువాత వాళ్ల అమ్మాయి ఆ లెక్కల పుస్తకం తెచ్చి నాకు ఇచ్చింది. మొన్న సున్నం వాసన తగిలిన రోజు మధ్యాహ్నం దాన్ని తీశాను గానీ, ఎక్కువ సేపు చూడలేదు. అటక మీద నుంచి రేకుపెట్టె దించి నా సొంత జేబు పుస్తకాలు వెతికాను. ప్రతి ఆటకూ ఒక పేజీ. రెండు జట్ల పేర్లు, టాసు ఎవరు గెలిచారు, ఆట మొదలైన వేళ, గోళ్లు కొట్టినవాళ్ల అంకెలు, హెచ్చరిక పొందినవాళ్ల పేర్లు.

ఆ పల్లె ఆట పేజీ దొరికింది. స్కోరు 1-2. బంతిని కోపంతో దూరంగా తన్నినందుకు ఎదుటి జట్టులో ఒకడికి ఇచ్చిన హెచ్చరిక ఉంది. వాడి పేరు, ఇంటిపేరుతో సహా, స్పష్టంగా ఉంది. 7 అంకె పిల్లవాడి పేరు లేదు. వాడి మీద హెచ్చరిక లేదు, వాడు కొట్టింది గోలు కాదు, ఆఫ్‌సైడ్లను రెఫరీలు పుస్తకంలో రాసుకోరు.

పేజీ కింది మూలన తెల్లగా ఒక బొటనవేలి ముద్ర ఉంది. అది నాదో, ఆట అయ్యాక స్కోరు సరిచూడడానికి పుస్తకం అడిగి తీసుకున్న మాస్టారిదో తెలియదు. గోటితో మెల్లగా గీకితే కొంచెం పొడి రాలింది.